అటక మీది బిస్కెట్ డబ్బాలో నాయన నింపిన తూటాలు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి మా నాయనకు ఇచ్చిన లైసెన్సు మీద 12 బోరు సింగిల్ బ్యారెల్ తుపాకి ఉండేది. 2024 ఎన్నికలప్పుడు దానిని స్టేషన్‌లో అప్పగించారు. తిరిగి తెచ్చుకోకముందే ఆయన కాలం చేశారు. మొన్న ఇంటికి సున్నం కొట్టించడానికి అటక ఖాళీ చేస్తుంటే ఒక బిస్కెట్ డబ్బాలో అరవై దాకా తూటాలు కనబడ్డాయి. కొన్ని కంపెనీవి, నలభైకి పైగా నాయన చేత్తో నింపినవి. కాగితపు డొల్లల మీద కొన్నింటికి పెన్సిలుతో 88 అని రాసి ఉంది, కొన్నింటికి ఏమీ లేదు. పక్కనే సగం మిగిలిన తుపాకిమందు డబ్బా, ఒక చిన్న గాజు సీసాలో క్యాపులు, బల్ల అంచుకు బిగించి తిప్పే చేతి యంత్రం ఉన్నాయి. లైసెన్సు నా పేరుకు మార్చమని అర్జీ పెట్టాను. వీటిని ఏళ్ల తరబడి చెడకుండా ఎలా దాచాలి? డల్లాస్‌లో ఉండే మా బావమరిది తాను నింపుకున్న తూటాలు ఇనుప డబ్బాలో ముప్పై ఏళ్లయినా చెక్కుచెదరవని చెబుతున్నాడు. మా అమ్మ మాత్రం అవి ఇంట్లో ఉన్నాయని తెలిసినప్పటి నుంచి నిద్రపోవడం లేదు.

సమాధానం: ముందుగా మీ అమ్మగారి మాటే తీసుకుంటాను. ఆమెకు నిద్ర పట్టకపోవడంలో న్యాయం ఉంది. అయితే ఆమె భయపడుతున్నది బహుశా తూటాలను చూసి. నేను భయపడుతున్నది వాటి పక్కనున్న ఆ చిన్న సీసాను చూసి. చిత్తూరు ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, మేము బెల్ ఆఫ్ ఆర్మ్స్ అని పిలుచుకునే ఆయుధాగారంలో, తుపాకుల మరమ్మతు చూసే ఆర్మరర్‌గా చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. పంట కాపలా తుపాకులున్న ఇళ్లలో పెద్దవారు పోయిన తరువాత ఇలాంటి డబ్బాలు బయటపడడం నాకు కొత్త కాదు. ప్రతిసారీ ఇంటివారి కళ్లు తూటాల మీదే ఉంటాయి, సీసాను ఎవరో ఒకరు చేత్తో పట్టుకొని గలగలలాడిస్తూ చూపిస్తారు.

తూటా అడుగున బిగించి ఉన్న క్యాపుకు, సీసాలో విడిగా పోసిన క్యాపులకు పోలికే లేదు. క్యాపు అనేది దెబ్బ తగిలితే మండడానికే చేసిన వస్తువు. ఒక్కొక్కదానిలో ఉండే రసాయనం చిటికెడైనా ఉండదు గానీ, ఒకదానినొకటి ఆనుకొని ఉన్నప్పుడు ఒకటి పేలితే మిగిలినవన్నీ అదే క్షణంలో అందుకుంటాయి. కంపెనీవారు ఒక్కో క్యాపుకు అట్టలోనో ప్లాస్టిక్ పలకలోనో వేరే గుంట చేసి, నడుమ ఎడం వదిలి పెట్టెలో అమర్చేది అందుకే. సీసాలో పోస్తే ఆ ఎడం పోతుంది, దానికి గాజు పెంకులు తోడవుతాయి. పైగా ఇన్నేళ్లలో క్యాపుల నుంచి రాలిన సన్నని పొడి మూత మరల్లో చేరి ఉండవచ్చు. అలా చేరి ఉంటే మూత తిప్పినప్పటి రాపిడే దానికి చాలు. కాబట్టి ఆ సీసాను ఊపి చూడవద్దు, మూత తీయవద్దు, లెక్కకోసం అరచేతిలో పోసుకోవద్దు. అటక మీదే ఉంటే అక్కడే ఉండనివ్వండి, ఇప్పటికే కిందికి దించి ఉంటే దించినచోటే వదిలేయండి. సున్నం పనివారిని రెండు రోజులు ఆగమని చెప్పి, ఆ గదికి తాళం వేయండి. బీడీ, అగరువత్తి, హారతి కర్పూరం ఏదీ ఆ గడప దాటకూడదు.

ఇక చట్టం సంగతి. దాచే పద్ధతి అడిగినవారికి చట్టం చెప్పడం బాగుండదని తెలుసు, అయినా మీ విషయంలో అదే మొదటి జవాబు. లైసెన్సు మీ నాయనగారి పేరుమీద ఇచ్చినది, ఆయనతోనే పోయింది. మీరు పెట్టిన అర్జీ ఇంకా అర్జీయే, లైసెన్సు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం, ఏ కారణం చేతనైనా దగ్గర ఉంచుకునే హక్కు లేకుండా పోయిన ఆయుధాలను, తూటాలను అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి దగ్గర గానీ అప్పగించాలి. తుపాకి అప్పగించాము కదా అనుకొని తూటాలను మరచిపోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటే. హక్కు వచ్చిన తరువాత వారసులు తిరిగి తీసుకోవడానికి కూడా అదే సెక్షన్‌లో దారి ఉంది, కనుక అప్పగిస్తే పోతాయన్న బెంగ అక్కరలేదు. మరొక సంగతి చాలామందికి తెలియదు. ఆ చట్టం రెండవ సెక్షన్‌లో తూటాలు, మందుగుండు అనే మాటకు ఇచ్చిన అర్థంలో వాటి భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే బల్లకు బిగించే ఆ చేతి యంత్రం మీ కంటికి నాయన పనిముట్టు, చట్టం కంటికి తూటాతో సమానం. తయారీ లైసెన్సు లేకుండా తూటాలు నింపడం సెక్షన్ 5 కింద నేరం. 2019 సవరణ తరువాత దానికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. మిగిలిన మందుతో సరదాకు ఒకటి నింపి చూద్దామన్న ఆలోచన మీకు లేదనే నమ్ముతాను.

అప్పగించడానికి ఆ డబ్బాను బండి డిక్కీలో పెట్టుకొని బయలుదేరవద్దు, పల్లె వెలుగు బస్సు ఎక్కనే వద్దు. తండ్రి పేరు, లైసెన్సు నంబరు, ఏమేమి దొరికాయి, ఎక్కడ ఉన్నాయి అన్నది ఒక కాగితం మీద రాసి, ఆ కాగితంతో మాత్రమే స్టేషన్‌కు వెళ్లి, విడి క్యాపులు, పాత మందు ఉన్నాయని నోటితో కూడా స్పష్టంగా చెప్పండి. వాటిని కదపడం తెలిసినవారిని పంపించే పని వారిది. దొరికిన వెంటనే మీరే వచ్చి చెప్పారన్న సంగతి రాతపూర్వకంగా ఉండడం మీకే మంచిది. రసీదులో కంపెనీ తూటాలు ఎన్ని, చేత్తో నింపినవి ఎన్ని అన్నది విడివిడిగా రాయించుకోండి.

ఇప్పుడు మీ బావమరిది మాటకు వస్తాను. ఆయన చెప్పినది అబద్ధం కాదు. అమెరికాలో తూటాలు సొంతంగా నింపుకోవడం చట్టం ఒప్పుకున్న పని, లక్షణంగా నింపి లక్షణంగా దాచినవి దశాబ్దాల తరువాత కూడా కొత్తవాటిలాగే పేలతాయి. కానీ ఆయన డబ్బాకు, మీ నాయన డబ్బాకు మధ్య తేడా ఇనుములో లేదు, చీటీలో ఉంది. అక్కడ జాగ్రత్త గలవారు ప్రతి పెట్టె మీద ఏ రోజు నింపారు, ఏ కంపెనీ మందు, ఆ మందు డబ్బా మీది తయారీ సంఖ్య ఎంత, ఎంత బరువు వేశారు, గుండు బరువెంత, ఏ క్యాపు, ఆ డొల్ల ఎన్నిసార్లు వాడినది అన్నవన్నీ రాస్తారు. ఒక చీటీ పైన అంటించి, అదే రాత ఉన్న మరొక చీటీ లోపల వేస్తారు, ఎందుకంటే పైచీటీని బొద్దింక తినవచ్చు, వేడికి జిగురు ఊడవచ్చు. ఏ చీటీ అయినా పెన్సిలుతో రాయడమే మేలు, పెన్ను సిరా వెలిసిపోతుంది. రెండు రోజులు నింపినవాటిని ఒకే పెట్టెలో కలపరు. మందు తయారీ సంఖ్య ఎందుకంటే, ఫలానా తయారీలో లోపం ఉందని కంపెనీ వెనక్కు పిలిచినప్పుడు తన డబ్బాలో ఏది పనికిరాదో ఆయనకు అరనిమిషంలో తెలుస్తుంది. ఆ చీటీ లేని తూటాను ఎంత గొప్ప డబ్బాలో పెట్టినా, దాచుకున్నది ఏమిటో దాచినవాడికే తెలియదు.

తూటా ఎందుకు చెడుతుందో తెలిస్తే, ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తుపాకిమందులో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాతకాలపు నల్లటి మందు. దీనిని నల్లమందు అని రాయాలంటే చేయి ఆగుతుంది, మన భాషలో ఆ మాట అభినికి పోయింది కదా. రెండవది పొగరాని మందు. పత్తి లాంటి పదార్థాన్ని నైట్రిక్ ఆమ్లంతో మార్చి చేసే నైట్రోసెల్యులోజ్ దీనికి మూలం. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ దీనిని తుపాకులకు పనికివచ్చేలా తయారుచేశాడు. నల్లటి మందు తేమకు చెడుతుంది గానీ, పొడిగా ఉంటే తనంతట తాను మారదు. పొగరాని మందు అలా కాదు, అది చేసిన రోజు నుంచే లోలోపల మెల్లగా విరుగుతూ ఉంటుంది. విరిగినప్పుడు వెలువడే ఆమ్లపు వాయువులు మరింత మందును విరుస్తాయి, పాలలో తోడు చుక్క పడ్డట్టు. అందుకే తయారీలోనే డైఫినైల్ అమైన్ వంటి పదార్థం కొద్దిగా కలుపుతారు. ఆ వాయువులను అది పట్టి ఉంచుతుంది. అది ఉన్నంతకాలం మందు బాగుంటుంది, అయిపోయిన నాటి నుంచి పాడవడం వేగం అందుకుంటుంది. ఈ సంగతి బాగా అర్థంకాని రోజుల్లో ఫ్రెంచి నౌకాదళం పెద్ద మూల్యమే చెల్లించింది. తూలోన్ రేవులో 1907లో ఈయెనా అనే యుద్ధనౌక, 1911లో లిబెర్తే అనే మరొకటి, పాడైన మందు తనంతట తాను అంటుకొని పేలిపోయాయి, వందలమంది నావికులు చనిపోయారు.

ఇంట్లో ఉండే నాలుగు పిడికెళ్ల మందు నౌకను పేల్చదు. కానీ సూత్రం అదే, మందును కాపాడే ఆ డైఫినైల్ అమైన్‌ను ఖర్చుచేసేది వేడి. రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందని లెక్క వేస్తారు. ఆ లెక్కన 27 డిగ్రీలుండే నడిగదిలో నలభై ఏళ్లు ఓర్చుకోగలిగిన మందు, 47 డిగ్రీలకు కాగే రేకుల కప్పు కింద పదేళ్లకే అలసిపోతుంది. పలమనేరు ఎత్తు మీద ఉన్న ఊరు కనుక మా తిరుపతి ఎండతో పోలిస్తే మీరు అదృష్టవంతులే, మే నెలలో ఇక్కడ ఇంటిగోడ రాత్రి పదింటికి కూడా చేతికి కాలుతుంది. అయినా అటక అటకే. ఇంట్లోని వేడంతా పైకి చేరేది అక్కడికే, పైన రేకులుంటే చెప్పనక్కరలేదు. తూటాలకు అంతకంటే చెడ్డచోటు చూపమంటే మోటారు షెడ్డును, ఎండలో నిలిపిన కారు డిక్కీని చూపిస్తాను.

పాడైన మందుకు వాసన మారుతుంది. మంచి మందు మూత తీస్తే స్పిరిటు లాంటి తేలికపాటి వాసన వస్తుంది. చెడినది ముక్కును పొడుస్తుంది. బంగారు పని చేసేవారి కొట్టులో ఆమ్లం పోసినప్పటి ఘాటు అది. డబ్బా లోపలి రేకు తుప్పు పట్టడం, ఎర్రమట్టి రంగు ధూళి, గోధుమరంగు పొగ కూడా దాని గుర్తులే. మీకు గుర్తులు చెబుతున్నాను గానీ మూత తీసి చూడమని చెప్పడం లేదు. మూత బిగించి ఉండగానే ఘాటు తెలుస్తుంటే మాత్రం ఆ మాట స్టేషన్‌వారికి మొదటే చెప్పాలి.

వేడి తరువాతి శత్రువు తేమ. మనకు అది వచ్చేది వైశాఖంలో కాదు, కార్తీకంలో. ఈశాన్య రుతుపవనాల వానలకు చిత్తూరు జిల్లాలో గోడలు చెమ్మగిల్లే రోజుల్లో కాగితపు డొల్ల నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన తూటా గొట్టంలోకి సగం దూరి ఆగిపోతుంది, దానిని బొటనవేలితో నెట్టబోయేవారిని చూశాను, గుండె ఆగినంత పనవుతుంది. ప్లాస్టిక్ డొల్లలకు ఈ బాధ లేదు గానీ, అడుగున ఉండే ఇత్తడి పళ్లేనికి, క్యాపుకు తేమ తగలకుండా అవీ ఆపలేవు.

ఇత్తడి సంగతి వచ్చింది కనుక పాడి ఉన్న ఇళ్లవారికి ప్రత్యేకంగా పనికివచ్చే పాత కథ ఒకటి చెప్పాలి. బ్రిటిష్ కాలంలో మన దేశంలోని సైనిక శిబిరాల్లో వానాకాలమంతా గుర్రపు సాలల్లో దాచిన తూటాలు, ఎవరూ తాకకుండానే, ఇత్తడి డొల్లలు నిలువునా చీలి కనబడేవి. ప్రతి వానాకాలం ఇలా జరగడంతో దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో గానీ కారణం తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమతో కలిసి, సాగదీసి చేసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువును ఆసరా చేసుకొని దానిని చీలుస్తోంది. గుర్రమైనా జెర్సీ ఆవైనా అమ్మోనియా ఒకటే. పశువుల కొట్టానికి ఆనుకొని ఉన్న గదిలో గానీ, యూరియా బస్తాలు పేర్చిన మూలలో గానీ తూటాలు పెట్టకూడదు. అమ్మోనియా ఉండే ఇత్తడి పాలిషులతో మెరుగుపెట్టకూడదు.

మెరుగు అంటే గుర్తుకొచ్చింది. ఆయుధపూజ నాడు కొందరు తూటాలను కూడా చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, ముందు దీపం వెలిగిస్తారు. చింతపండు నీరు ఇత్తడిని మెరిపిస్తుంది నిజమే, క్యాపు అంచునుంచి లోపలికి కూడా పోతుంది. బొట్టు పెట్టాలనిపిస్తే తుపాకి కర్ర మడమకు పెట్టండి, తూటాలు ఆ రోజు కూడా పెట్టెలోనే ఉండాలి. నూనె ఇంకా చెడ్డది. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక కానిస్టేబులు తన వంతు తూటాలను తుప్పు పట్టకూడదని తుపాకి నూనె గుడ్డతో ఒక్కొక్కటిగా ఎంతో శ్రద్ధగా తుడిచి పెట్టుకున్నాడు. ఏడాదికి ఫైరింగ్ రోజున ట్రిగ్గర్ నొక్కితే టక్కుమన్న చప్పుడు తప్ప మరేమీ లేదు, వరుసగా మూడు. నూనె క్యాపులోకి ఇంకి దానిని చంపేసింది. అతడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. తూటాను తుడవాలంటే పొడి నూలుగుడ్డ చాలు, తుపాకికి నూనె పెట్టిన చేతిని సబ్బుతో కడుక్కున్న తరువాతే దానిని ముట్టుకోవాలి.

ఇక పెట్టె. నింపి మూసిన తూటాలకు రబ్బరు అంచు మూతతో గాలి చొరబడని పలచని ఇనుప డబ్బా బాగుంటుంది. మీ బావమరిది చెప్పేది అదే. దానిని వానరోజున మూస్తే మాత్రం వానను కూడా లోపల పెట్టి మూసినట్టే. ఎండ కాసే పొడిరోజు మధ్యాహ్నం, తూటాలు గది వేడికి వచ్చిన తరువాత, సిలికా జెల్ సంచితో పాటు పెట్టి మూయాలి. గింజలు నీలం నుంచి గులాబీకి తిరిగితే తేమ తాగేశాయని అర్థం, అప్పుడు వాటిని బయటకు తీసి వేడిచేసి ఆరబెట్టి తిరిగి పెట్టవచ్చు. వంట పాత్రలో మాత్రం వద్దు, ఆ రంగు మంచిది కాదు. తేమకోసం ఉప్పుమూట పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది నీటిని లాగి, ఉప్పునీరై కారి ఇత్తడిని తినేస్తుంది. డబ్బాను నేల మీద కాక చెక్క మీద, వీధి గోడకు కాక లోపలి గోడకు, పిల్లలకు అందని చోట, తుపాకి ఉన్న బీరువాలో కాక వేరే తాళం కింద ఉంచాలి.

విడి మందుకు మాత్రం ఈ పెట్టె పనికిరాదు. తూటా తుపాకిలో లేనప్పుడు నిప్పు తగిలితే డొల్ల చీలుతుంది, క్యాపు ఎగిరి కంటికి తగలవచ్చు, గుండ్లు మాత్రం పెద్దగా కదలవు, ఎందుకంటే వాటిని నెట్టే ఒత్తిడిని నిలిపి ఉంచే గొట్టం లేదు. అదే విడి మందును మందపాటి ఇనుప బీరువాలో బిగిస్తే ఆ బీరువాయే గొట్టమవుతుంది. నింపుకోవడం చట్టబద్ధమైన దేశాల్లో మందును కంపెనీ డబ్బాలోనే ఉంచి, ఒత్తిడి పెరిగితే విడిపోయే చెక్క పెట్టెలో పెట్టమని చెప్పేది ఇందుకే. ఇంట్లో ఎప్పుడైనా అగ్నిప్రమాదం జరిగితే ఫలానా గదిలో తూటాలు ఉన్నాయని ఫైరింజన్ సిబ్బందికి వాకిట్లోనే చెప్పాలి.

ఇంతా చెప్పి, మీ నాయన నింపిన నలభై తూటాలను ఈ పద్ధతిలో దాచండి అని చెప్పలేకపోతున్నాను. అంత వయసున్న కాగితపు తూటాలు ఎన్నో నా చేతుల మీదుగా పోయాయి. ఇత్తడి అంచు కాగితాన్ని కలిసేచోట పచ్చని చిలుము గీత ఉంటుంది. క్యాపు చుట్టూ గోధుమరంగు వలయం కడుతుంది. మూతి దగ్గరి అట్టబిళ్ల వదులై, ఒంచితే లోపలి గుండ్లు కదిలిన చప్పుడు వస్తుంది, ఒకటి రెండు రాలితే వాటి మీద సీసం పూచిన తెల్లటి పొర కనిపిస్తుంది. ఇవన్నీ కంటికి కనబడేవి. కనబడనిది లోపలి మందు, మీ ఉత్తరంలో నన్ను ఆపింది దాని గురించిన ఆ 88.

మీరు దానిని 1988 అనుకొని ఉంటారు. కావచ్చు. అయితే పాతకాలంలో మందు బరువును గ్రెయిన్లు అనే చిన్న తూకంలో రాసుకునే అలవాటు ఉండేది. 12 బోరులో నల్లటి మందు మోతాదు ఎనభైల్లో ఉండడం మామూలు సంగతి. అది సంవత్సరమే అయితే లోపల ఉన్నది ఏ మందో తెలియదు. అది బరువే అయితే ఎప్పుడు నింపారో తెలియదు. ఆ అంకెను నమ్మి ఎవరైనా అదే బరువు పొగరాని మందు వేస్తే తుపాకి గొట్టం చేతిలోనే పగులుతుంది, ఎందుకంటే దాని బలం నల్లటి మందు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అందువల్ల వాటిలో ఒక్కదానిని కూడా, పరీక్షకోసమైనా, పేల్చి చూడకూడదు. విప్పి చూడకూడదు. పాత బావిలో వేయడం, గట్టున పాతిపెట్టడం, చెత్తతో కాల్చడం అంతకంటే చెడ్డ పనులు. నీటిలో నానిన తూటా చచ్చిందని చెప్పడానికి లేదు, పూడిక తీసే మనిషి పారకు అది తగిలే రోజు ఒకటి వస్తుంది. స్టేషన్‌కు ఇచ్చేటప్పుడే, చేత్తో నింపినవి, మందు, క్యాపులు మాకు తిరిగి అక్కరలేదు, నిర్వీర్యం చేయించండి అని అర్జీలో రాయండి. కంపెనీ తూటాలు కూడా అదే అటక మీద అన్నేళ్లు కాగినవే. వాటిని తిరిగి అడగమని కూడా నేను చెప్పను, ఆ ఇరవైకోసం తుపాకిని, చేతిని పణంగా పెట్టనక్కరలేదు.

లైసెన్సు మీ చేతికి వచ్చిన తరువాత కొత్తవి కొనండి. పుణె దగ్గరి ఖడ్కీలో 1869 నుంచి ఉన్న మందుగుండు కార్ఖానా తూటాలే మన లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కసారి ఎన్ని ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ హద్దు దాకా కొని పేర్చుకోవలసిన పని లేదు, రెండేళ్ల అవసరానికి మించి కొంటే దాచే బాధ తప్ప లాభం లేదు. కంపెనీ అట్టపెట్టెలోంచి తీయకుండా అలాగే డబ్బాలో పెట్టండి, కొన్న నెల దాని మీద రాయండి, పాతవి ముందు వాడండి. పేల్చినప్పుడు టక్కుమని ఆగిపోతే గొట్టాన్ని అలాగే ఖాళీ వైపు పట్టుకొని అరనిమిషం ఆగిన తరువాతే తెరవండి. చప్పుడు మరీ మెత్తగా వస్తే గొట్టంలో ఏదో ఇరుక్కుందేమో చూసుకోకుండా రెండవది పెట్టవద్దు. స్టేషన్ గదిలో అంతకాలం ఉన్న తుపాకిని మొదట ఒక ఆర్మరర్‌కు చూపించండి, గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండడం నేను చూశాను.

యంత్రం మాటకు వస్తే, దానిని జ్ఞాపకంగా ఉంచుకోవాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది. మీరు ఆ మాట రాయకపోయినా, దాని గురించి రాసిన వాక్యంలో అది కనిపించింది. అయినా దానిని జాబితాలో చేర్చి అప్పగించండి. తిరిగి ఇవ్వడం కుదురుతుందా అని లైసెన్సు ఇచ్చే అధికారికి విడిగా అర్జీ పెట్టుకోండి, వారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే అప్పుడు ఇంటికి తెచ్చుకోవచ్చు. అంతకుముందు, దేనినీ తాకకుండా, గడప దగ్గర నిలబడి, ఆ డబ్బాను, పెన్సిలు రాతను ఫోనులో జూమ్ చేసి ఫొటోలు తీసుకోండి.

ఆ 88 ఏమిటో మీ అమ్మగారిని అడిగి చూడండి. ఆయన బల్ల దగ్గర కూర్చొని నింపిన రాత్రుల్లో అట్టబిళ్లలు కత్తిరించి ఇచ్చింది ఆమే అయి ఉండవచ్చు. తెలిస్తే ఆ సంగతి కూడా స్టేషన్‌కు ఇచ్చే కాగితంలో రాయండి, వాటిని నిర్వీర్యం చేసేవారికి అది పనికివస్తుంది.